మంగు మీద రేకు

చిన్నమ్మాయికి యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసి, నలుగురు మనవల్ని ఎత్తుకున్నాక కూడా ఆవిడ పేరు చిన్నమ్మాయే. అక్క పెద్దమ్మాయి, ఈవిడ చిన్నమ్మాయి. ఇంట్లో పిలిచిన ఆ పిలుపే రేషన్ కార్డులోకీ ఆధార్ కార్డులోకీ ఎక్కిపోయింది. బ్యాంకులో ఆ పేరు పిలిచినప్పుడల్లా ఎవరో పడుచుపిల్ల లేస్తుందనుకుని జనం తలలు తిప్పి చూస్తారు. ఈవిడ కొంగు సర్దుకుని, "నేనేనండి ఆ అమ్మాయిని" అంటూ లేస్తుంది.

ఆత్రేయపురంలో కాలవగట్టుకు దిగువనున్న వీధిలో ఆవిడ ఇల్లు. ఆ వీధి ఆడవాళ్ళలో సగం మంది పూతరేకులకు రేకులు తీసేవాళ్ళే. నున్నటి అడుగున్న పెద్ద కుండని బోర్లించి, దాని లోపల ఎండు కొబ్బరాకులు మండిస్తారు. జయ బియ్యం నానబెట్టి, రుబ్బి, పాలలా పల్చగా కలిపిన పిండిలో గుడ్డ ముంచుతారు. ఆ గుడ్డని రెండు చేతులా పట్టుకుని కుండ మీద ఒక్కసారి వేసి లాగితే, రెప్ప వేసి తీసేలోగా రేకు లేస్తుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన పదహారో ఏట చిన్నమ్మాయి ఆ కుండ ముందు కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుగా కూర్చుంటూనే ఉంది. ఆవిడ తీసిన రేకుని పేపరు మీద పరిస్తే కింద అక్షరాలు చదువుకోవచ్చని మిఠాయి దుకాణాల వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

చేతికి అంత పేరు తెచ్చిన పొయ్యి ముఖానికి మాత్రం మంగు తెచ్చింది. రెండో కాన్పప్పుడు చెంపల మీద పల్చగా గోధుమరంగు మచ్చలు లేచాయి. నెలలు నిండిన చాలామందికి వస్తాయి, బిడ్డ పాలు మానేలోగా పోతాయి అన్నారు పెద్దవాళ్ళు. బిడ్డ పాలు మానేసింది, బడికెళ్ళింది, కాపురానికి కూడా వెళ్ళింది, మచ్చలు మాత్రం పోలేదు. రోజుకు ఆరేడు గంటల సెగకు అవి చిక్కబడి, రెండు చెంపల మీదా పరుచుకుని, ముక్కు దూలం మీద కలుసుకున్నాయి.

వాటికి ఆవిడ చెయ్యని వైద్యం లేదు. జాజికాయ పాలలో అరగదీసి రాసింది. బంగాళాదుంప ముక్కలు రుద్దింది. నిమ్మరసం పులిమి పొయ్యి ముందు కూర్చుంటే ముఖం భగ్గుమంది, వారం రోజులు కుండ దగ్గరకే వెళ్ళలేకపోయింది. ఆ మధ్య ఎవరో ఒక తెల్లటి క్రీము ఇస్తే రాసుకుంది. నెలలోనే ముఖం తెల్లబడి వీధంతా ఆశ్చర్యపోయింది. మానేసిన పది రోజులకే చర్మం ఎర్రగా కమిలి, మంగు మునుపటికన్నా నల్లగా తిరిగొచ్చింది. చూపిస్తే, అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, ఇంకెప్పుడూ ముట్టుకోవద్దని డాక్టరుగారు చీవాట్లు పెట్టారు. అప్పటినుంచీ ఆవిడ ఆ ఊసే మానేసింది. అద్దం ముందు బొట్టు పెట్టుకునేటప్పుడు నుదురు చూసుకునేది, చెంపలు చూసుకునేది కాదు.

భర్త తాతాజీ కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్తాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. మంగు గురించి ఎప్పుడైనా అడిగితే, "ఎక్కడుందే?" అని నిజంగానే వెతికేవాడు. అది ప్రేమో చూపు తక్కువో ఆవిడకి ఈనాటికీ తేలలేదు.

కిందటేడు వేసవిలో ఇంటర్నెట్ చానల్ వాళ్ళు ఇద్దరు పూతరేకుల మీద వీడియో తీయడానికి వచ్చారు. ఊళ్ళో ఎవర్నడిగినా చిన్నమ్మాయి పేరే చెప్పారు. పొద్దున్నంతా ఆవిడ చేతుల్ని ముందునుంచి, పక్కనుంచి తెగ తీశారు. తర్వాత కెమెరా పట్టుకున్న కుర్రాడు కాస్త నసుగుతూ, ముఖం కనపడే ముక్కకి పక్కింటి సారికని కూర్చోబెడదామా అని అడిగాడు. సారికకు ఇరవై ఆరేళ్ళు, చక్కని పిల్ల. చిన్నమ్మాయి క్షణం ఆలస్యం చెయ్యకుండా లేచి పీట ఇచ్చింది. వీడియో వచ్చాక చూస్తే, చేతులు చిన్నమ్మాయివి, ముఖం సారికది. వీధిలో అందరూ పడీ పడీ నవ్వారు. చిన్నమ్మాయీ నవ్వింది. ఆ సాయంత్రం మాత్రం పిండి గుడ్డ ఉతుకుతూ చాలాసేపు బావి దగ్గరే ఉండిపోయింది.

ఆ వీడియో చూసినవాళ్ళలో క్రిస్టినా ఒకతె. నాలుగిళ్ళ అవతలి ఆశీర్వాదం మాస్టారి కూతురు. రాజమండ్రిలో ఎం.ఫార్మసీ రెండో ఏడు చదువుతోంది. చిన్నప్పుడు చినిగిన రేకుల్లో పంచదార చల్లించుకుని తినడానికి రోజూ చిన్నమ్మాయి పొయ్యి దగ్గరే ఉండేది. వీడియోలో చేతుల్ని చూడగానే, ఇవి మా పిన్నివి కదా, ముఖమేమైంది అనుకుందట. ఓ ఆదివారం చర్చి నుంచి ఇంటికి కూడా పోకుండా, బైబిలు సంచి చేతిలో ఉండగానే నేరుగా వచ్చి పొయ్యి పక్కన చతికిలబడింది.

చివరి ఏడాది ప్రాజెక్టు చెయ్యాలని, మంగు మచ్చలకు మొక్కల నుంచి తీసిన మందుతో పూత తయారుచెయ్యడం తన అంశమని చెప్పింది. అతిమధురం వేరు, మంజిష్ఠ వేరు, కలబంద గుజ్జు, ఈ మూడూ అసలు సరుకు. క్రీము తయారైంది కానీ రాసుకుని చూడటానికి మనుషులు కావాలి. ఈ వీధిలో సెగకు మంగు వచ్చినవాళ్ళు పిన్నితో కలిపి ఎనిమిది మంది ఉన్నారని తానే లెక్కేసింది. తక్కినవాళ్ళందరూ పిన్ని మాట వింటారు.

చిన్నమ్మాయి చేతిలో గుడ్డ ఆపలేదు. రేకు తీసి పక్కన పెట్టి, ఇంకోటి తీసి, అప్పుడు అడిగింది.

"ముందు నువ్వు రాసుకున్నావా?"

క్రిస్టినా చుడీదార్ చెయ్యి పైకి లాగి చూపించింది. ముంజేతి లోపలి వైపు పెన్నుతో గీసిన ఆరు గుండ్రాలు, ఒక్కోదానికీ నంబరు. రెండింట్లో చర్మం కాస్త ఎర్రబడి ఉంది. ఆ రెండు రకాలూ పారబోశానని, మిగిలిన నాలుగింట్లో మెత్తనిది ఎంచుకున్నానని చెప్పింది. చిన్నమ్మాయి ఆ గుండ్రాల మీద పిండి చేత్తోనే తడిమి చూసింది. తనకు తెల్ల క్రీము ఇచ్చినవాళ్ళెవరూ ఇలా సొంత చెయ్యి చూపించలేదు.

"అయితే సరే. ఎనిమిది మందినీ నేను కూర్చోబెడతా" అంది.

అలాగే కూర్చోబెట్టింది. ఎనిమిది మందీ కలిసి రాజమండ్రి పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకి చూపించుకొచ్చారు. వచ్చేటప్పుడు పుష్కరాల రేవులో కాసేపు కూర్చుని, వేరుశెనక్కాయలు తిని, అదేదో పిక్నిక్కు వెళ్ళొచ్చినట్టు బస్సెక్కారు. కాగితాల మీద సంతకాలయ్యాయి. తెల్ల గుడ్డ ముందు నిలబెట్టి, చెంప పక్కన రంగుల చీటీ పట్టించి, క్రిస్టినా ఒక్కొక్కరినీ ఫొటో తీసింది. చర్మం రంగు ఎంత తేలిందో తర్వాత ఆ చీటీతో పోల్చి చూస్తారట. తలా ఒక చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున్నా సాయంత్రం రాసుకోమని చెప్పి వెళ్ళింది.

మూడు వారాల తర్వాత వచ్చి అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి ఎలా ఉందని అడిగింది. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. చివరికి చిన్నమ్మాయే గొంతు సవరించుకుంది. క్రీము మంచిదేనని, కానీ కుండ ముందు కూర్చున్న పావుగంటకే చెమటకు కరిగి కళ్ళల్లోకి దిగుతోందని, సాయంత్రం రాసుకుందామంటే అప్పటికే ముఖం సెగకు మండుతూ ఉంటుంది కాబట్టి జిడ్డు అసలు పట్టడం లేదని చెప్పింది. అది చెప్పాక తక్కినవాళ్ళకు ధైర్యం వచ్చింది. ఒకామె డబ్బా మూతే తియ్యలేదు. ఇంకొకామె మొగుడి కాళ్ళ పగుళ్ళకు రాస్తోంది, వాటికి బ్రహ్మాండంగా పనిచేస్తోందట. పైగా మిగిలిన డబ్బాల్లో క్రీము విరిగిన పాలలా నీళ్ళు వేరు, ముద్ద వేరు అయి ఉంది.

క్రిస్టినా అదంతా పుస్తకంలో రాసుకుంది, కాళ్ళ పగుళ్ళతో సహా. రాస్తూ నవ్వింది కానీ, పుస్తకం మూసేటప్పటికి కళ్ళు నిండిపోయాయి. చదువు ఏడు నెలల్లో అయిపోతుంది. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి. చిన్నమ్మాయి లోపలికెళ్ళి, చినిగిన రేకులు నాలుగు తెచ్చి, పంచదార, నెయ్యి వేసి మడిచి చేతిలో పెట్టింది. ఆ పిల్ల చిన్నప్పటిలాగే మోకాళ్ళు ముడుచుకుని తినేసింది. వెళ్తూ వెళ్తూ, క్రీములో కలిపే వేళ్ళ ఉత్త కషాయం ఉన్న సీసా ఒకటి గూట్లో పెట్టి, జిడ్డు లేదు కాబట్టి పిన్నిని ఒక్కదాన్నే ఇది ముఖానికి అద్దుకుని చూడమని చెప్పింది.

కషాయం లేత గులాబీ రంగులో ఉంది. దూదితో అద్దుకుంటే చల్లగా హాయిగా ఉంది కానీ, పొయ్యి వేడికి కాగిన ముఖం మీద రెండు నిమిషాల్లో ఆరిపోతోంది. అలా నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు మధ్యాహ్నం పని దించాక ముఖం కడుక్కుని, కషాయం అద్దుకుని, ఆరకుండా దేంతో కప్పుదామా అని చుట్టూ చూసింది. తడిగుడ్డ కప్పితే గుడ్డే మందంతా పీల్చేసుకుంటుంది. పక్కనే చినిగిన రేకుల బుట్ట ఉంది. రేకుకు తడి తగిలితే ఎలా అతుక్కుంటుందో ఆవిడకన్నా ఎరిగినవాళ్ళు లేరు. వర్షాకాలం దాంతోనే కదా ముప్పై అయిదేళ్ళ పోరాటం. ఒక పెద్ద ముక్క తీసుకుని, రెండు చేతులా పట్టుకుని, కుండ మీద గుడ్డ వేసినంత ఒడుపుగా తన చెంప మీద తానే వేసుకుంది.

రేకు ముఖాన్ని పట్టేసుకుంది. గాలి బుడగ లేదు, ముడత లేదు. రెండో చెంపకి ఇంకోటి, ముక్కు మీద ఒకటి వేసుకుంది. చర్మానికి ఇంకో చర్మం తొడిగినట్టుంది. మందు కింద చల్లగా నిలిచింది, కారలేదు, ఆరలేదు. గోడకానుకుని కళ్ళు మూసుకుంది. ఇరవై నిమిషాలు ఆ చల్లదనంలో, ఎన్నేళ్ళకో పగలే కునుకు పట్టింది.

భోజనానికొచ్చిన తాతాజీ గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటే ఇది? నిన్ను మడిచి డబ్బాలో పెట్టేస్తారా ఏంటి?"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే రేకు చిరుగుతుందని మూతి బిగబట్టుకుని చెయ్యి ఊపి, ఫోను తెమ్మని సైగ చేసింది. అతను తెచ్చి, ఆవిడ చెప్పమన్నట్టు క్రిస్టినాకు ఫోను చేసి, మీ పిన్ని ముఖానికి రేకు చుట్టుకుని కూర్చుంది, మాట్లాడటం లేదు, నువ్వు రావాలేమో అన్నాడు. ఆ పిల్ల హడలిపోయి మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు దిగింది. విషయం చూశాక చిన్నమ్మాయి మెడ చుట్టూ చేతులేసి అలాగే ఉండిపోయింది. పట్నంలో ఆడపిల్లలు ముఖానికి వేసుకునే షీట్ మాస్కులని కొంటారు, అవి ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, నువ్వు ఇంటి బియ్యంతో తీసేశావు పిన్నీ అని చెప్పింది. పిన్నికి మాస్కంటే కరోనా గుర్తొచ్చింది. అర్థమయ్యేలా చెప్పడానికి కొంత టైము పట్టింది.

ఇక్కడ కథకు ఒక అడ్డంకి వచ్చింది. క్రిస్టినాకు ప్రాజెక్టు గైడు విజయ్ పాల్ గారు. మంచి మనిషే కానీ, కొలవనిది నమ్మరు. రేకు ఆలోచన విని ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశారు. చేత్తో తీసిన రేకు ఒక చోట మందంగా, ఒక చోట పల్చగా ఉంటుంది, అలాంటప్పుడు ఒక మనిషి చర్మానికి అందే తడి, ఇంకో మనిషికి అందే తడి ఒకటేనని ఎలా చెప్తావు అన్నారు. క్రిస్టినా చిన్నమ్మాయి తీసిన రేకులు పాతిక తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన మందం కొలిచే పరికరం తెప్పించి, ఒక్కో రేకునీ అయిదు చోట్ల కొలిచారు. పాతిక రేకులూ కొలిచాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటి రేకు నుంచి కొలిచారట. తేడా ఉంది కానీ, మిషను మీద పోసిన పొరల్లో కూడా అంత తేడా ఉంటుంది.

ఆ వారమే ఆయన ఆత్రేయపురం వచ్చారు. ఇస్త్రీ చొక్కా, బూట్లు. చిన్నమ్మాయి కుర్చీ వేయించింది కానీ, ఆయన కుర్చీ వదిలేసి కుండ దగ్గర గొంతుక్కూర్చున్నారు. గంటసేపు ఆవిడ చేతులు చూస్తూ ఉండిపోయారు. పిండి ఎంత పల్చగా ఉండాలో ఎలా తెలుస్తుందని అడిగారు. వేలు ముంచి తీస్తే గోరు కనపడాలండి అంది. కుండ వేడి ఎలా తెలుస్తుందన్నారు. చెంపకి తెలుస్తుందండి అని మామూలుగా చెప్పింది. ఆ మాటకు ఆయన ఉలిక్కిపడ్డట్టు తలెత్తి ఆవిడ చెంపల వైపు చూశారు.

"చిన్నమ్మాయిగారూ, మీ థర్మామీటరు మీ ముఖమే అయితే మేం ఎన్ని మందులు పూసినా ఏం లాభమండి?" అన్నారు.

ముప్పై అయిదేళ్ళలో ఆవిణ్ని చిన్నమ్మాయిగారూ అన్న మొదటి మనిషి ఆయనే. దానికి సిగ్గుపడాలో, ప్రశ్నకు జవాబు చెప్పాలో తెలియక, "ఆయ్, నిజమేనండి" అని ఊరుకుంది.

నిజమే మరి. ఎండా సెగా తగులుతుంటే మంగు ఎన్ని మందులకైనా మళ్ళీ వస్తుందని ఆయన వివరంగా చెప్పారు. ఆ మాట మొదట అందుకున్నది తాతాజీ. మర్నాడు పనికి పోకుండా పొయ్యి పడగొట్టి, నిప్పు పెట్టే నోరు కూర్చునే వైపు కాకుండా పక్కకు వచ్చేలా మళ్ళీ మెత్తాడు. కుండకీ మనిషికీ మధ్య, చేతులాడేంత సందు వదిలి, పాత రేకుల షెడ్డు నుంచి తెచ్చిన ఇనప రేకు ముక్క నిలబెట్టాడు. దాని అంచులకు మట్టి పూశాడు. చిన్నమ్మాయి కూర్చుని చూస్తే, చేతులకు వేడి తెలుస్తోంది, ముఖానికి గాలి తగులుతోంది. ఇంత చిన్న పని ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తోచలేదో అని ఇద్దరూ కాసేపు ఆశ్చర్యపడ్డారు. నెల తిరిగేలోగా తాతాజీ ఎనిమిదిళ్ళలోనూ పొయ్యిలు తిప్పాడు.

పొయ్యిలన్నీ తిరిగాక, పిండి చేతులు కడుక్కుని, మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది మందీ ఒకే అరుగు మీద వరసగా కూర్చోవడం మొదలైంది. క్రిస్టినా సీసాలు పంపేది. చిన్నమ్మాయి ఒక్కొక్కరి ముఖాన కషాయం అద్ది, రేకు వేసేది. ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, నవ్వకూడదు. ఆ వీధి చరిత్రలో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. సైకిలు మీద పోతున్న పోస్టుమ్యాను ఒకసారి ఎనిమిది తెల్లటి ముఖాలు ఒక్కసారిగా తన వైపు తిరగడం చూసి కాలవగట్టు అంచుదాకా వెళ్ళి ఆగాడు. ఎనిమిది రేకులూ ఆ రోజు చిరిగిపోయాయి.

పది రోజులకు ఆశాజ్యోతికి దురద మొదలైంది. ఎనిమిది మందిలో ఒకతె, సౌమ్యురాలు. చెప్పకుండా రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు చెంప మీద దద్దుర్లు చూసి చిన్నమ్మాయి వెంటనే ఆపించి, డాక్టరు దగ్గరకు పంపింది. అతిమధురం ఆమె ఒంటికి పడలేదన్నారు. పూత మందిచ్చారు, వారంలో తగ్గిపోయింది. క్రిస్టినా మాత్రం దిగులుపడింది. ఇది రాస్తే పరీక్షలో ఎలా చూస్తారో, ఆమె మధ్యలో మానేసిందని మాత్రం రాస్తే సరిపోతుందేమో అని పిన్ని దగ్గర నసిగింది.

చిన్నమ్మాయి ఆ పిల్లను ఎప్పుడూ కోప్పడలేదు. అప్పుడూ కోప్పడలేదు. కానీ గుడ్డ పిండిలోనే వదిలేసి ఇటు తిరిగింది.

"చినిగిన రేకుని మడతలో దాచేస్తే కొన్నవాడికి తెలీదనుకుంటాం. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోద్దమ్మా. ఉన్నదున్నట్టు రాసేయ్. నాకు తెల్ల క్రీము ఇచ్చినోళ్ళు అందులో ఏముందో డబ్బా మీద రాసుంటే నేను కాల్చుకునేదాన్నా?"

క్రిస్టినా తల వంచుకుని, ఆ సాయంత్రమే రాసింది. ఇక ముందు ఎవరికైనా మోచేతి లోపల ఒక రోజు పూసి చూశాకే ముఖానికి వెయ్యాలని కూడా రాసింది. ఆశాజ్యోతి మాత్రం అరుగు మీద తన చోటు వదులుకోలేదు. కషాయం లేకుండా ఉత్త మంచినీళ్ళతో రేకు వేయించుకుని వరసలో కూర్చునేది. చల్లగా ఉంటుంది, పైగా మీరందరూ మూతి బిగించుకుని కూర్చుంటే చూడటానికి బాగుంటుంది అనేది.

నాలుగు నెలలు గడిచాయి. తెల్ల గుడ్డ ముందు మళ్ళీ ఫొటోలు తీశారు. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి, రంగుల చీటీతో పోల్చి చూశారు. మచ్చలు మాయమైపోలేదు. అలాంటి అద్భుతం ఏమీ జరగలేదు. అయిదుగురికి స్పష్టంగా పల్చబడ్డాయి, ఇద్దరికి కొద్దిగా. ఆశాజ్యోతికి కూడా ఎంతోకొంత తేలింది. అంటే పొయ్యి తిప్పడం వల్ల ఎంత, మందు వల్ల ఎంత అన్నది ఇంకా తేల్చాల్సిన విషయమని విజయ్ పాల్ గారు ముక్కుసూటిగా చెప్పారు. చిన్నమ్మాయికి ముక్కు దూలం మీద మచ్చ విడిపోయింది. చెంపల మీద మంగు కాఫీ రంగు నుంచి టీ రంగుకు దిగింది. ఆవిడ ఫోనులో తన రెండు ఫొటోలూ పెద్దవి చేసి, చిన్నవి చేసి, ఆ పూటంతా చూసుకుంది. చెంపల్ని అంత తీరిగ్గా చూసుకుని ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

ప్రాజెక్టు పరీక్ష నాడు క్రిస్టినా పిన్నిని కూడా రాజమండ్రి రమ్మంది. రేకు ఎలా వేస్తారో చూపించాలి, నా చేత్తో వేస్తే చిరుగుతోంది అని బతిమాలింది. చిన్నమ్మాయి పెళ్ళిళ్ళకు కట్టే నెమలికంఠం రంగు చీర కట్టి, రేకులు సర్దిన స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. దారిలో బస్సు కుదిపినప్పుడల్లా డబ్బాని బిడ్డలా పొదువుకుంది. తాతాజీ కూడా బయల్దేరాడు. ఎందుకని అడిగితే నవ్వి, తెల్ల పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

హాల్లో చల్లగా ఏసీ. ముందు వరసలో పెద్ద పెద్దవాళ్ళు. పరీక్షకురాలిగా విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ వచ్చారు. నెరిసిన జుట్టు, పదునైన చూపు. క్రిస్టినా ఇంగ్లీషులో అంతా చెప్పింది. పేర్లు తప్ప చిన్నమ్మాయికేమీ అర్థం కాలేదు కానీ, ఆ పిల్ల గొంతు వణకడం లేదని మాత్రం గమనించి స్థిమితపడింది. తర్వాత ఆ మేడమ్ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. చివరికి కాగితాల్లో ఒక పుట దగ్గర ఆగి, తెలుగులోకి దిగి, ఈ దద్దుర్ల సంగతేంటి, ఎవరు కనిపెట్టారు అని అడిగారు. క్రిస్టినా వెనక్కి తిరిగి చూసింది.

చిన్నమ్మాయి లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది.

"నేనేనండి. ఆశాజ్యోతని మా వీధి పిల్లండి. ఓర్చుకుని చెప్పలేదండి. చెంప చూసి ఆపేశాం. ఇప్పుడు బావుందండి. రాయమన్నది కూడా నేనేనండి, ఈ అమ్మాయి తప్పేం లేదు."

హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. ఆ మేడమ్ నవ్వలేదు. తన అనుభవంలో దద్దుర్ల సంగతి ఇంత వివరంగా రాసిన ప్రాజెక్టులు తక్కువని, ఈ పుట ఒక్కటీ చాలు తక్కిన పుటలు నమ్మడానికి అని అన్నారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నాకు వెయ్యండి చూద్దాం" అన్నారు.

చిన్నమ్మాయి ముందు ఆవిడ మోచేతి లోపల రెండు చుక్కలు కషాయం రాయబోయి ఆగింది. అలా రాస్తే రేపటిదాకా ఆగాలి కదండి, మరి మీరు రేపు ఉండరు కాబట్టి ఉత్త నీళ్ళతోనే వేస్తానని చెప్పింది. విజయ్ పాల్ గారి ముఖం వెలిగిపోయింది. నీళ్ళు అద్ది, డబ్బా మూత తీసి, ఒక రేకు అందుకుంది. అంత చల్లటి హాల్లో ఏసీ గాలికి అది చేతిలో రెపరెపలాడింది. రెండు చేతులా పట్టి, ఒక్క లాఘవంతో ఆ పెద్దావిడ చెంప మీద పరిచేసింది. హాలంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. వెనక వరసలో పంచె కట్టుకున్న మనిషి అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు.

క్రిస్టినాకు మంచి మార్కులొచ్చాయి. కషాయం ఎంత, పొయ్యి ఎంత అన్నది తేల్చడానికి ఇంకో పెద్ద పరీక్ష పెడుతున్నారు. ఈసారి సగం మందికి మందు, సగం మందికి అదే రంగు కలిపిన ఉత్త నీళ్ళు, ఎవరికేది అన్నది ఎవరికీ చెప్పరు. దానికి కావలసిన రేకులు తీయడం చిన్నమ్మాయి ఒక్కతి వల్ల అయ్యే పని కాదు. పోనీ మీ పిల్లలకే నేర్పుతాను, పంపండి అని ఆవిడే విజయ్ పాల్ గారికి కబురు చేసింది.

ఒక శనివారం పొద్దున్న కాలేజీ బస్సు కాలవగట్టు మీద ఆగింది. తెల్ల కోట్లు వేసుకున్న పాతిక మంది పిల్లలు వీధిలోకి దిగారు. ఎనిమిదిళ్ళ పొయ్యిలూ వెలిగించారు. మధ్యాహ్నమైనా ఒక్క రేకు నిండుగా లేవలేదు. కొందరికి చిల్లులు పడ్డాయి, కొందరికి అట్టు అయింది, ఒక అబ్బాయి గుడ్డతో సహా కుండకు అంటించేశాడు. సారిక, ఆశాజ్యోతి ఇంటింటికీ తిరుగుతూ చేతులు పట్టి నేర్పుతున్నారు. అరుగుల మీద నవ్వులు ఆగడం లేదు.

విజయ్ పాల్ గారు బూట్లు విప్పి, చొక్కా చేతులు మడిచి, చిన్నమ్మాయి పీట మీద కూర్చున్నారు. గుడ్డ ముంచారు, ఊపిరి బిగబట్టారు, కుండ మీద వేసి లాగారు. రేకు సగం కుండకు, సగం గుడ్డకు వెళ్ళింది. ఆయన తలెత్తి చూశారు. చిన్నమ్మాయి తడిగుడ్డతో కుండ తుడిచి, పిండి గిన్నె ఆయన వైపు జరిపింది.

"మీరు భయపడుతున్నారండి, కుండకి తెలిసిపోతోంది. మళ్ళీ వెయ్యండి" అంది.